అరవై బస్తాల అప్పు

గురువారం పొద్దున ఆశీర్వాదం వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆ ఒక్క రోజు మిల్లుకు సెలవు పెట్టాలి, తానుండే బళ్ళారి జిల్లా తెక్కలకోటలో నాలుగు చోట్ల తిరిగి అప్పు రేట్లు విచారించాలి, సాయంత్రానికి ఏది చవకో తేల్చాలి. ఇంత చిన్న పథకం సోమవారం దాకా సాగి, ఊళ్ళో సగం మందిని దొంగల్ని చేస్తుందని ఎవరైనా చెప్పి ఉంటే, అతను వాళ్ళను కూడా ఒకసారి కాటా ఎక్కించి తూచి ఉండేవాడు.

ఆశీర్వాదం శరణప్ప గారి రైసు మిల్లులో కాటా గుమాస్తా. పదకొండేళ్ళుగా వడ్ల బస్తాలు తూచీ తూచీ అతనికి ఒక జబ్బు పట్టుకుంది. దేన్నయినా రెండు మూడు చోట్ల తూచి చూడందే నమ్మడు. అర కిలో వంకాయలకు మూడు అంగళ్ళు తిరుగుతాడు. పెళ్ళిచూపులకు మాత్రం ఎందుకో ఒక్క ఇంటికే వెళ్ళాడు. ఆ తొందర ఎవరికి నష్టమన్నది ఆ ఇంట్లో ఇప్పటికీ తేలలేదు.

అప్పు అవసరం కూతురు షెకైనా కోసం. ఆ పిల్లకు బళ్ళారిలో నర్సింగ్ సీటు వచ్చింది. సోమవారం సాయంత్రం నాలుగు గంటల్లోగా అరవై వేలు కట్టాలి. కట్టకపోతే ఆ సీటు జాబితాలో తరువాతి పేరుకు పోతుంది. షెకైనా అప్పటికే తెల్ల కోటు కుట్టించుకుని, రోజుకు రెండుసార్లు ఇస్త్రీ చేస్తోంది. ఆశీర్వాదం జీతం పద్దెనిమిది వేలు. అందులోనూ నెలనెలా అయిదు వందలు మిల్లులో పట్టుకుంటారు. ఎందుకు పట్టుకుంటారో చేరిన కొత్తలో విన్నాడు గానీ తరువాత మరిచిపోయాడు. వడ్లలో తేమకూ మట్టికీ తూకంలో కొంత కోస్తారు, దాన్ని తరుగు అంటారు. వడ్లకు ఉన్నట్టే జీతానికీ తరుగు ఉంటుంది కాబోలని సర్దుకున్నాడు.

"ఇంత తిరుగుడు ఎందుకయ్యా?" అంది భార్య దీనమ్మ, మరమరాల వగ్గానిలో పుట్నాల పొడి కలుపుతూ. "పక్కింటి హంపమ్మ పొదుపు సంఘంలో ఇస్తానంటాండాది కదా. నూటికి రూపాయి వడ్డీ. ఆదివారం మీటింగులో చేతికే ఇస్తారంట."

"హంపమ్మ ఇస్తానంటే తీసేసుకోవడమేనా? మిగతావాళ్ళు ఎంతకిస్తాండారో సూడొద్దా?"

"నాన్నా, ఫోన్లోనే లెక్క చూడొచ్చు. లోన్ క్యాలిక్యులేటర్ ఉండాది," అంది షెకైనా.

"ఫోనుకు ముద్ర ఉండాదా? ఏటేటా ఆఫీసరు వచ్చి ముద్ర వేయని కాటాను నేను నమ్మను," అని ఆశీర్వాదం చెప్పులు వేసుకున్నాడు.

మొదట బ్యాంకుకు వెళ్ళాడు. అక్కడ లోన్ల సీటులో గౌతమి అనే అమ్మాయి ఉంది. మిల్లు ఖాతా కూడా అదే బ్యాంకులో ఉండడంతో కాటా గుమాస్తా ఆమెకు ముఖపరిచయమే.

"వడ్డీ పదకొండున్నర పర్సెంట్ సార్. ప్రాసెసింగ్ ఫీజు ఒక పర్సెంట్. దాని మీద జీఎస్టీ," అంది గౌతమి.

"పదకొండున్నరా!" ఆశీర్వాదం కుర్చీలోంచి లేచాడు. "ఏం తల్లీ, మా ఊళ్ళో ఉచ్చెంగెప్ప రెండు రూపాయలకే ఇస్తాండాడే!"

"ఆయనది నెలకు సార్. ఏడాదికి ఇరవై నాలుగు. మాది ఏడాదికి పదకొండున్నర. అది కూడా మీరు కడుతూ పోయేకొద్దీ మిగిలిన అసలు మీదే."

ఆశీర్వాదం మళ్ళీ కూర్చున్నాడు. పన్నెండు నెలలకు వడ్డీ మూడు వేల ఎనిమిది వందలు, ఫీజు ఏడు వందల ఎనిమిది అని ఆమె ఒక చీటీ మీద రాసిచ్చింది. దరఖాస్తు కూడా నింపిపొమ్మంది. ఊరికే రేటు అడగడానికి వచ్చానంటే బాగుండదని నింపాడు.

తరువాత ఫైనాన్స్ కంపెనీ. అక్కడ సిద్ధేశ్ అనే కుర్రాడు ఏసీ గదిలో కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాడు.

"మాది పదే పర్సెంట్ సార్! ఫ్లాట్! ఫీజు మూడు పర్సెంట్, దాని మీద జీఎస్టీ, అంతే."

"ఫ్లాట్ అంటే ఏందప్పా?"

"మొత్తం అరవై వేల మీద ఏడాదంతా పది పర్సెంట్ సార్. ఆరు వేలు. సింపుల్."

"నెలనెలా అసలు కొంచెం కొంచెం తీరస్తాండా కదా. తీర్చేసిన దానికి కూడా వడ్డీ నడస్తాంటాదా?"

"అదే సార్ ఫ్లాట్ అంటే," అన్నాడు సిద్ధేశ్, అదేదో గొప్ప సౌకర్యం అన్నట్టు.

"వడ్లు దింపేసినాక ఖాళీ సంచిని తూచి దుడ్డు అడిగినట్టుండాదే!" అని మజ్జిగ తాగేసి లేచాడు ఆశీర్వాదం. అక్కడ కూడా ఆధార్ కాపీ ఇవ్వక తప్పలేదు.

మూడోది ఉచ్చెంగెప్ప ఎరువుల అంగడి. ఆయన ఎరువులు అమ్మడం ఎవరూ పెద్దగా చూడలేదు. వక్కలు కత్తిరిస్తూ వడ్డీకి ఇస్తుంటాడు.

"ఫీజు గీజు ఏం లేదప్పా మన దగ్గర. పత్రం లేదు, సంతకం లేదు, అంతా నోటి మాటే. నలభై ఏండ్ల నుంచి నా పేరు ఒక్క కాయితం మీద ఎక్కలేదు. నూటికి రెండు. మొదటి నెలది ముందే పట్టుకోని యాభై ఎనిమిది వేల ఎనిమిది వందలు ఇస్తా."

"వడ్డీ మాత్రం అరవైకేనా?"

"అరవై అడిగింది నువ్వే కదప్పా," అన్నాడు ఉచ్చెంగెప్ప అమాయకంగా.

చివరికి పక్కింటి హంపమ్మ దగ్గరికి వచ్చేసరికి సాయంత్రమైంది. సంఘం లీడరుగా ఆమె మాట ఆ వీధిలో తహసీల్దారు మాట కంటే పైన. "నూటికి రూపాయి. మిగిలిన అసలు మీదే. పాసు పుస్తకానికి నూరు. దీనమ్మ కోసం పదిమంది ఆడోళ్ళు జామీను సంతకం పెట్టాల, పెడతారు. ఇంతకూ పొద్దుననంగా బయలుదేరి మా ఇంటికి ఇప్పుడొచ్చినావేమప్పా? నడుమ గోడే కదా ఉండేది," అంది.

ఆ రాత్రికి లెక్క తేలలేదు. ఒకరు నెలకంటారు, ఒకరు ఏడాదికంటారు, ఒకరు ముందే కోస్తారు, ఒకరు తీర్చినదానికీ తీసుకుంటారు. రూపాయలు వేలల్లోకి వెళ్ళేసరికి ఆశీర్వాదం కళ్ళకు అంకెలన్నీ ఒక్కలాగే కనిపిస్తున్నాయి. శుక్రవారం మిల్లులో రెండు లారీల నడుమ ఖాళీ దొరికినప్పుడు అతనికి ఒక ఉపాయం తట్టింది. రూపాయలు కనిపించవు గానీ బస్తాలు కనిపిస్తాయి. వెయ్యి రూపాయలను ఒక బస్తా అనుకుంటే సరి. అప్పు అరవై బస్తాలు. వడ్డీ ఇన్ని బస్తాలు. ఫీజేమో తరుగు.

ఉపాయం బాగానే ఉంది గానీ మిల్లులో తరుగు ప్రతి బస్తాకూ కోస్తారు. ఆ అలవాటు కొద్దీ అతను ఫీజును ప్రతి నెల కంతుకూ కోశాడు. సిద్ధేశ్ కంపెనీ లెక్క ముప్పై ఒకటిన్నర బస్తాలు తేలింది. వెంటనే దీనమ్మకు ఫోన్ చేశాడు.

"ఫీజు ఒక్క తూరే తీస్తారయ్యా! నెలనెలా తీస్తే వాళ్ళ ఆఫీసు ఈ పాటికి తగలబెట్టి ఉందురు," అంది దీనమ్మ, కుట్టు మిషను ఆపకుండానే.

అతను మళ్ళీ మొదటి నుంచి వేశాడు. చిల్లర అటూ ఇటూ సర్ది, ఒక పాత కాటా చీటీ వెనక తన గుండ్రటి అక్షరాలతో రాసుకున్నాడు.

"షెకైనాకు 60 బస్తాలు. సోమవారం 4 గంటల లోపల బళ్ళారి చేరాల.
గౌతమి 4½.
సిద్ధేశ్ 8.
ఉచ్చెంగెప్ప 14½. ముందే 1¼ పట్టుకుంటాడు.
హంపమ్మ 4. అందరికంటే తక్కువ. పదిమంది ఆడోళ్ళు కావాల.
తరుగు ఒక్క తూరే.
సావుకారికి చెప్పే పని లేదు."

చివరి మాట ఎందుకంటే, శరణప్పను అడ్వాన్సు అడగాలా వద్దా అని ఆశీర్వాదం కాసేపు ఆలోచించి, వద్దనుకున్నాడు. చీటీ చూసుకుంటే అతనికి ప్రాణం లేచొచ్చింది. హంపమ్మే చవక. అంటే గురువారం పొద్దున దీనమ్మ చెప్పినదే. ఆ సంగతి దీనమ్మకు ఎలా చెప్పాలా అని అతను తల గోక్కుంటుండగా లారీ హారన్ మోగింది. చేతిలో ఉన్న చీటీని అలవాటు ప్రకారం మిగతా కాటా చీటీలతో పాటు తీగకు గుచ్చి, తూకానికి లేచి వెళ్ళాడు.

ఆ తీగను సాయంత్రం ఇంటికి తీసుకెళ్ళి చీటీలు చూసుకోవడం శరణప్పకు అలవాటు. శరణప్ప చెడ్డవాడు కాదు. కాకపోతే ఆయనకు అనుమానం వస్తే అడగడు. అడిగితే దొంగ జాగ్రత్తపడతాడని ఆయన నమ్మకం. చీటీ వెనక్కి తిప్పి చదివాడు. మళ్ళీ చదివాడు. కాటా గుమాస్తా రాత, అరవై బస్తాలు, నలుగురికి వాటాలు, పైగా సావుకారికి చెప్పే పని లేదట! షెకైనా ఎవరో ఆయనకు తెలియదు. పదకొండేళ్ళలో ఆ పిల్లను "పాప బాగుండాదా" అనే అడిగాడు గానీ పేరెప్పుడూ అడగలేదు. బళ్ళారిలో షెకైనా ట్రేడర్స్ అని ఏదో కొత్త కంపెనీ వచ్చిందని తేల్చుకున్నాడు.

శనివారం పొద్దున్నే గోడౌనులో లెక్క మొదలైంది. ఇన్సూరెన్సు కోసమని ఆశీర్వాదానికి చెప్పారు. "మంచి పని సావుకారా, అప్పుడప్పుడూ సూసుకుంటా ఉండాల," అని అతను మెచ్చుకున్నాడు కూడా. ఆ ధైర్యం చూసి శరణప్పకు ఒళ్ళు మండిపోయింది.

పుస్తకంలో రెండు వేల నాలుగు వందల బస్తాలు ఉండాలి. హమాలీల మేస్త్రి హంపేశ్ దొంతరల మీదికెక్కి సాయంత్రం దాకా లెక్కపెట్టి రెండు వేల మూడు వందల నలభై మూడు తేల్చాడు. యాభై ఏడు తక్కువ.

"అరవైకి ఇంకా మూడు బాకీ," అని శరణప్ప పళ్ళు నూరాడు. "సోమవారం దాకా టైముంది కదా వానికి!" చీటీలోని పేర్లన్నీ ఊళ్ళో ఆయనకు తెలిసినవే. ఇంటికి పోయి, వాటాదార్లకు ఒక్కొక్కరికి ఫోన్ చేశాడు.

గౌతమికి ఆయన ఫోన్ విన్నంతసేపూ తల తిరిగింది. "ఏం మేడం, మా ఆశీర్వాదం పనిలో మీకు నాలుగున్నర బస్తాలంట కదా?" అన్నాడు శరణప్ప వ్యంగ్యంగా. ఆ వ్యంగ్యం ఫోన్లో దాటలేదు. గుమాస్తా లోను పాస్ చేస్తే ఓనరు నాలుగున్నర బస్తాలు లంచం ఇస్తానంటున్నాడని ఆమెకు అర్థమైంది. "సార్, మేము బియ్యం తీసుకోము!" అని ఫోన్ పెట్టేసి, ఆశీర్వాదం దరఖాస్తు ఇక కదపకూడదని తేల్చుకుంది. సిద్ధేశ్ అయితే "ఎనిమిది బస్తాలా సార్? వడ్లు తాకట్టు పెట్టుకోవడం మా సిస్టంలో లేదు," అన్నాడు. ఉచ్చెంగెప్పనూ హంపమ్మనూ మాత్రం, వాళ్ళ పేర్ల మీద బస్తాలు రాసి ఉన్నాయి, సోమవారం పొద్దున పదింటికి మిల్లుకు రావాలని, రాకపోతే స్టేషన్‌కు పోవాల్సి వస్తుందని శరణప్ప బెదిరించాడు.

ఆదివారం ఆశీర్వాదం కుటుంబం చర్చికి వెళ్ళొచ్చి, కోడికూరతో అన్నం తిని, హంపమ్మ కోసం ఎదురుచూసింది. అయిదు గంటలకు ఆమె వచ్చింది. దుడ్డుతో కాదు, కొంగు బిగించుకుని వచ్చింది.

"ఏమప్పా ఆశీర్వాదం, నా పేరున నాలుగు బస్తాలు రాసినావంట!"

ఆశీర్వాదం మొహం వికసించింది. "ఔనక్కా, రాసినా. నాలుగే! అందరికంటే నీదే తక్కువ. నిన్ను మించినోళ్ళు ఊళ్ళో లేరు."

"నాది తక్కువా?" హంపమ్మ గొంతు వీధి చివరకు వినిపించింది. "ఉచ్చెంగెప్పకు ఎంత రాసినావు?"

"పద్నాలుగున్నర."

"ఆ ముసిలోనికి పద్నాలుగున్నర, నాకు నాలుగా? థూ! నాకు ఒక్క గింజ కూడా బేడ, వద్దే వద్దు! మీ ఇంటికి సంఘం దుడ్డు రాదు, పోండి!" అని ఆమె గిర్రున తిరిగి వెళ్ళిపోయింది.

"మెచ్చుకుంటే ఎందుకే కోపం?" అన్నాడు ఆశీర్వాదం. దీనమ్మకూ ఏమీ అర్థం కాలేదు. తక్కువ వడ్డీ అంటే ఎవరైనా పొంగిపోతారు గానీ, నాకూ ఎక్కువ రాయలేదని పోట్లాడే లీడరమ్మను ఆమె ఇప్పుడే చూస్తోంది.

పోనీ బ్యాంకు ఉంది కదా అని గౌతమికి ఫోన్ చేశాడు. "సార్, మీ ఓనర్ ఇట్ల బియ్యం ఇస్తాననడం తప్పు. నేను ఫైల్ ఆపేసినా," అందామె. సిద్ధేశ్ ఫోన్ ఎత్తగానే "వడ్లు కుదరవు సార్," అని పెట్టేశాడు. చివరికి నూటికి రెండుకైనా సరేనని ఉచ్చెంగెప్ప అంగడికి పరుగెత్తాడు. ఆయన అంగడి తలుపు సగం వేసి లోపలి నుంచే మాట్లాడాడు.

"నా పేరు కాయితం మీద ఎక్కించినావంట కదప్పా! నలభై ఏండ్ల మర్యాద! నీకు రూపాయి కూడా ఇయ్యను."

ఆశీర్వాదం ఇంటికొచ్చి మంచం మీద కూలబడ్డాడు. గురువారం నాలుగు తలుపులు తెరిచి ఉన్నాయి. అతను వాటిని తూచి చూశాడు, అంతే, నాలుగూ మూసుకున్నాయి. షెకైనా తెల్ల కోటును మడిచి పెట్టెలో పెడుతూ, "పోనీలే నాన్నా, వచ్చే ఏడు చూద్దాం," అంది. ఆ మాట అతని గుండెలో గుచ్చుకుంది. తన తూకం పిచ్చి మీద తనకే అసహ్యం వేసింది. కళ్ళు తుడుచుకుంటూ, ఉన్న ఒక్క ఆశనూ పట్టుకున్నాడు.

"దీనమ్మా, ఒక మాట. మన సావుకారు నా కోసం బ్యాంకులో బియ్యం ఇస్తానన్నాడంట! అడగకుండానే! ఎంత దొడ్డ మనిషి సూడు. రేపు పొద్దున పోయి కాళ్ళు పట్టుకుంటా."

"నువ్వు ముందు పో. నేనూ వెనకాలే వస్తా," అంది దీనమ్మ. అడ్వాన్సు అడిగే పని మొగుడి నోటికి వదిలేస్తే ఏమవుతుందో ఆమెకు ఈ నాలుగు రోజుల్లో బాగా తెలిసింది.

సోమవారం పదింటికి మిల్లు ఆవరణ నిండిపోయింది. తూకం ఆగిపోయి లారీలు రోడ్డు దాకా నిలబడ్డాయి. ఉచ్చెంగెప్ప మోపెడ్ మీద వచ్చాడు. హంపమ్మ సంఘం ఆడవాళ్ళను వెంటబెట్టుకు వచ్చింది. ఇంతమంది ఒక్కచోట చేరారంటే ఎవరికో అప్పు అవసరమేనని సిద్ధేశ్ కూడా టాబ్ పట్టుకుని వచ్చాడు. వాళ్ళందరినీ దాటుకుంటూ ఆశీర్వాదం చేతులు జోడించి శరణప్ప ముందు నిలబడ్డాడు.

"సావుకారా, మీ మేలు చచ్చేదాకా మరిచిపోను. బ్యాంకు మేడంకు నాలుగున్నర బస్తాలు మీరే ఇస్తానన్నారంట కదా!"

శరణప్ప జేబులోంచి చీటీ తీసి గాలిలో ఊపాడు. "దొంగనా కొడకా! నా బస్తాలు నా చేతనే పంచిపెట్టిస్తావా? ఈ కాయితం నీదేనా?"

"నాదే సావుకారా!" ఆశీర్వాదం ఆనందంతో చెయ్యి చాచాడు. "మూడు దినాల నుంచి దీనికోసమే వెతకతాండా!"

"ఈ అరవై బస్తాలు షెకైనాకేనా?"

"షెకైనాకే. ఈ పొద్దు నాలుగింటికి బళ్ళారి చేరకపోతే అంతా పోతాది."

"విన్నారా! ఒప్పుకున్నాడు!" శరణప్ప అందరి వైపూ తిరిగాడు. "యాభై ఏడు అప్పుడే తరలించినాడు! గోడౌను లెక్కలో తగ్గినాయి!"

అంతవరకూ నవ్వుతున్న ఆశీర్వాదం మొహం మారిపోయింది. దొంగ అన్న మాట అతనికి ఇంకా ఎక్కలేదు. లెక్క తప్పిందన్న మాట ఎక్కింది. పదకొండేళ్ళలో తన పుస్తకంలో ఒక్క బస్తా తేడా రాలేదు. "యాడ లెక్కపెట్టినారు?" అంటూ గోడౌనులోకి నడిచాడు. జనమంతా వెనక వెళ్ళారు. అతను దొంతరలను ఒకసారి పైనుంచి కిందికి చూసి, అప్పటికే ఒక దొంతర మీదికెక్కిన హంపేశ్ వైపు తిరిగాడు.

"పైకి ఎట్ల ఎక్కినావప్పా?"

"మెట్లు వేసుకున్నాం కదన్నా, బస్తాలతో."

"ఆ మెట్లు లెక్కపెట్టినావా?"

హంపేశ్ తాను నిలబడ్డ మెట్టు వైపు చూసుకున్నాడు. తరువాత నోట్లో ఒకటీ రెండూ అనుకుంటూ కిందికి దిగడం మొదలుపెట్టాడు. నాలుగు దొంతరలకూ వేసిన మెట్ల బస్తాలన్నీ కలిపి సరిగ్గా యాభై ఏడు.

అందరూ శరణప్ప వైపు చూశారు. ఇంతమంది ముందు వెనక్కి తగ్గడం ఎలాగో ఆయనకు తోచలేదు. "ఐతే ఇంకా దొంగతనం కాలేదు," అన్నాడు చివరికి. "నాలుగింటి లోపల చేద్దామనుకున్నాడు. కాకముందే నేను పట్టుకున్నా. ఆశీర్వాదప్పా, ఈ పొద్దు నుంచి నీకు నా మిల్లులో పని లేదు!"

సరిగ్గా ఆ మాటకు దీనమ్మ షెకైనాతో పాటు గోడౌను వాకిట్లోకి వచ్చింది. అడ్వాన్సు అడిగేటప్పుడు చూపించడానికి ఆమె మొగుడి జీతం కార్డు పట్టుకుని వచ్చింది. ఆ మాట విని ఏడ్చే మనిషే. ఏడవబోయి, ఏదో గుర్తొచ్చి ఆగి, కార్డు తెరిచి చివరి పేజీ చదివింది. చదివాక ఆమె మొహం చూసినవాళ్ళు, వార్త మంచిదే కాబోలు అనుకున్నారు.

"సావుకారా, ఆ మాట ఇంకో తూరి చెప్పండి. అందరికీ వినపడాల."

"పని లేదన్నా! తీసేసినా!"

"బస్తా ఒక్కటి కూడా తగ్గలేదు కదా?"

"తగ్గలేదు. అయితే ఏంది?"

ఆశీర్వాదం ముందుకొచ్చాడు. "సావుకారా, ఆ చీటీలో బస్తా అంటే బస్తా కాదు, అది వెయ్యి..." అతని మాట సగంలోనే ఆగిపోయింది. దీనమ్మ అతని జబ్బ మీద అంత గట్టిగా గిచ్చింది. "నువ్వు నోరు మూసుకో," అంది పళ్ళ సందున, "దుడ్డు చేతికొచ్చేదాకా మూసుకో." తరువాత కార్డు పైకెత్తి గట్టిగా చదివింది.

"కాటా డిపాజిట్ నెలకు అయిదు వందలు. పని మానినప్పుడు గానీ, మానిపించినప్పుడు గానీ, బస్తాలు తగ్గకుంటే మొత్తం వాపసు. కింద సంతకం, సావుకారు శరణప్ప. నడుమలో అడిగితే ఇయ్యరు, అందుకే ఇన్ని దినాలు నేను అడగలా. పదకొండేండ్లు. అరవై ఆరు వేలు."

ఆశీర్వాదం నోరు నిజంగానే మూతపడింది. తరుగు అనుకున్నది తరుగు కాదట. ఊరంతా తిరిగి ఎవరు ఎంతకు అప్పిస్తారని తూచినవాడు, పదకొండేళ్ళుగా తానే అప్పిస్తున్నాడు.

"అరవై ఆరు వేలు, వడ్డీ లేకుండానా?" ముందుగా తేరుకున్నది ఉచ్చెంగెప్ప. ఆయన శరణప్పను కొత్తగా చూస్తున్నట్టు చూశాడు. "శరణప్పా, నలభై ఏండ్ల నుంచి ఈ వ్యాపారంలో ఉండా గానీ నాకు కూడా ఇంత ధైర్యం రాలేదప్పా! నూటికి రెండేస్తే వడ్డీనే ఎనభై ఏడు వేల ఏడు వందల ఎనభై."

"మా సంఘం లెక్క రూపాయే. నలభై మూడు వేల ఎనిమిది వందల తొంభై," అంది హంపమ్మ. తన బస్తాల అవమానం ఆమె అప్పటికే మరిచిపోయింది.

"సార్, ఫ్లాట్‌లో వేయనా?" అన్నాడు సిద్ధేశ్, టాబ్ తెరుస్తూ.

శరణప్ప ముగ్గురినీ మార్చి మార్చి చూశాడు. ఎవరి లెక్క ఒప్పుకున్నా మునిగేది తనేనని ఆయనకు అర్థమైంది. వడ్డీ మాట ఇంకా ముదరకముందే ఆఫీసులోకి పోయి, ఇనప్పెట్టె తెరిచి, అరవై ఆరు వేలూ తెచ్చి దీనమ్మ చేతిలో పెట్టాడు. దీనమ్మ రెండుసార్లు లెక్కపెట్టుకుంది. పదకొండున్నర బస్సుకు తల్లీకూతుళ్ళు బళ్ళారికి వెళ్ళిపోయారు. బస్సు కనుమరుగయ్యేదాకా ఆశీర్వాదం నోరు మూసుకునే నిలబడ్డాడు.

మూడు గంటల ఇరవై నిమిషాలకు ఫోన్ వచ్చింది. "కట్టేసినా నాన్నా! రసీదు నా చేతిలో ఉండాది!" అని షెకైనా ఏడుస్తూ నవ్వింది. ఆశీర్వాదం కూడా కాసేపు అదే పని చేసి, మొహం కడుక్కుని మిల్లుకు నడిచాడు. లారీలు ఇంకా అక్కడే ఉన్నాయి. కాటా దగ్గర శరణప్ప స్వయంగా కూర్చుని, మూడోసారి తూచిన బస్తాను నాలుగోసారి తూస్తున్నాడు. డ్రైవర్లు ఆయన్ను కన్నడంలోనూ తెలుగులోనూ తిడుతున్నారు.

ఆశీర్వాదం నింపాదిగా చీటీలో ప్రతి మాటా విప్పి చెప్పాడు. బస్తా అంటే వెయ్యి రూపాయలు. వాటా అంటే వడ్డీ. షెకైనా అంటే నా కూతురు. శరణప్ప రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

"ఆ మాట పొద్దున్నే చెప్పి ఏడ్వొచ్చు కదప్పా!"

"చెప్తాంటే నా పెండ్లాం గిచ్చింది సావుకారా."

"సరే, ఆయ్తు. జరిగింది జరిగిపోయింది. కూర్చో, ముందు ఈ లారీలు పంపించు," అంటూ శరణప్ప కుర్చీ ఖాళీ చేశాడు. "అదే జీతం. డిపాజిట్ మాత్రం మళ్ళీ మొదటి నుంచి. నెలకు అయిదు వందలు పట్టుకుంటా."

ఆశీర్వాదం కుర్చీలో కూర్చోలేదు. జేబులోంచి పెన్సిల్ తీసి, బల్ల మీది కాటా చీటీ ఒకటి వెనక్కి తిప్పాడు.

"నాలుగు దినాలు టైమియ్యండి సావుకారా. సిరుగుప్ప దారిలో ఇంకా నాలుగు మిల్లులుండాయి. వాళ్ళు ఎంత పట్టుకుంటాండారో, దాని మీద వడ్డీ ఎంతిస్తారో కనుక్కోని వస్తా."

ఈసారి లెక్క మాత్రం అతను రూపాయల్లోనే రాసుకున్నాడు.